పాతిక వేలలో టీవీ కొనాలంటే: ముందు టేపు పట్టుకుని హాల్ కొలవండి

పోయిన దసరాకి మల్కాజ్‌గిరిలో అమ్మవాళ్ళింటికి కొత్త టీవీ కొన్నం. బడ్జెట్ పాతిక వేలు, సగం నాది సగం తమ్ముడిది, దాటొద్దని ముందే గట్టిగా అనుకున్నం. మూడు ఆదివారాలు తిరిగినం. అప్పట్నుంచి చుట్టాల్లో ఎవరు టీవీ కొనాలన్నా నాకే ఫోన్ చేస్తున్నరు, "ఏ కంపెనీ మంచిదే?" అని. కంపెనీ సంగతి తర్వాత, ముందు మీ ఇల్లు ఎట్లుంటదో చెప్పండి అంటా నేను. డబ్బులు తక్కువున్నప్పుడు ఏదో ఒకటి వదులుకోక తప్పదు, ఏది వదులుకుంటే నష్టం లేదో ఏది వదులుకుంటే రోజూ బాధపడతమో మీ హాల్ చూస్తేనే తెలుస్తది. అందుకే అందరికీ ఒక్కసారే ఉపయోగపడేట్టు ఇక్కడ మొత్తం రాస్తున్నా.

ఫస్ట్ టేపు తీస్కోండి. సోఫాలో మీరు కూర్చునే చోటు నుంచి టీవీ పెట్టే గోడ దాకా ఎన్ని అడుగులో కొలవండి. 4కే టీవీకి (ఫుల్ హెచ్‌డీ కన్నా నాలుగింతల చుక్కలుండేది) లెక్క సింపుల్, స్క్రీన్ ఎన్ని ఇంచులో దానికి ఒకటిన్నర రెట్ల దూరంలో కూర్చుంటే బొమ్మ బాగా కనిపిస్తది, అంటే 43 ఇంచులకి దాదాపు అయిదున్నర అడుగులు, 55కి ఏడు అడుగులు. కొంచెం దూరమైనా ఏం కాదు. 43 ఇంచుల టీవీ అడ్డం మూడు అడుగులకి కొంచెం ఎక్కువ ఉంటది, 55 అయితే నాలుగు అడుగులు, గోడ మీద పాత పేపర్ అతికించి చూసుకుంటే షోకేస్‌లో పడుతదా, దేవుడి ఫొటోలు జరపాలా అన్నది అప్పుడే తేలిపోతది. ఇంకో మాట, 32 నుంచి 43కి పోతే పేరుకి 11 ఇంచులే తేడా గానీ స్క్రీన్ వైశాల్యం ఒకటిముప్పావు రెట్లు పైన అయితది. మా అమ్మవాళ్ళ హాల్లో సోఫా నుంచి గోడకి ఎనిమిది అడుగులు వచ్చింది, 55 పెట్టొచ్చు కానీ పాతిక వేలలో 55 అంటే లోపల ఏదో ఒకటి బాగా తగ్గించి ఇస్తరు. అందుకే 43కే ఫిక్స్ అయినం, దానికి నేను ఇప్పటికీ హ్యాపీ.

దూరం ఒక్కటి కొలిస్తే సరిపోదు, ఎవరు ఎక్కడ్నుంచి చూస్తరో కూడా చూడాలి. మా అమ్మ సోఫాలో కూర్చుని టీవీ చూసేది చాలా తక్కువ. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా వంటింటి గడప దగ్గర పీట వేసుకుని, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూనో పప్పు ఏరుకుంటూనో సీరియల్ చూస్తది, అక్కడ్నుంచి టీవీ బాగా పక్కకి పడుతది. ఈ ఒక్క విషయం మేం ఏ టీవీ కొనాలో డిసైడ్ చేసింది. ఎట్లంటే ప్యానెల్స్‌లో, అంటే బొమ్మ చూపించే తెరల్లో, ముఖ్యంగా రెండు రకాలున్నయి, వీఏ అని ఒకటి, ఐపీఎస్ అని ఇంకోటి. వీఏలో నలుపు నిజంగా నల్లగా కనిపిస్తది, రాత్రి సీన్లు మస్తుంటయి, కానీ పక్కకి జరిగి చూస్తే రంగులు వెలిసిపోయినట్టు అయితయి. ఐపీఎస్‌లో ఎటునుంచి చూసినా రంగు దాదాపు అట్లనే ఉంటది, కాకపోతే చీకట్లో నలుపు కొంచెం బూడిద రంగులోకి పోతది. ఎదురుగా కూర్చుని లైట్లు ఆపేసి సినిమాలు చూసే ఇల్లయితే వీఏ తీస్కోండి, ఇల్లంతా ఎవరి మూల నుంచి వాళ్ళు చూసేదైతే ఐపీఎస్ చూడండి. బాక్స్ మీద ఇది రాయరు చాలాసార్లు, సేల్స్ వాళ్ళకి కూడా తెలియదు, మనమే కళ్ళతో చూసి తెలుసుకోవాలి, అదెట్లనో కింద చెప్తా.

కిటికీ కూడా చూడండి. చాలా అపార్ట్‌మెంట్లలో టీవీ గోడకి ఎదురుగానే బాల్కనీ తలుపు ఉంటది, పొద్దున పదింటికి ఆ వెలుతురంతా స్క్రీన్ మీదే పడుతది. తక్కువ రేటు టీవీల బ్రైట్‌నెస్ సాధారణంగా 200 నుంచి 300 నిట్స్ (వెలుగుని కొలిచే లెక్క) మధ్యలో ఉంటది, అంత వెలుతురు ముందు అది నిలవదు. ఇంకా బ్రైట్ టీవీ కోసం పది వేలు ఎక్కువ పెట్టేకన్నా ఒక మందపు కర్టెన్ వేసుకోండి, లేదా టీవీని పక్క గోడకి మార్చండి.

ఇప్పుడు రెండో ప్రశ్న, మీ ఇంట్లో టీవీకి బొమ్మ ఎక్కడ్నుంచి వస్తది? ఇది ఎవరూ అడగరు కానీ సగం డబ్బులు ఇక్కడే వేస్ట్ అయితయి. కేబుల్ వైరో డిష్‌దో పాత సెట్‌టాప్ బాక్స్ ఉండి మామూలు ఎస్‌డీ (హెచ్‌డీ కాని పాత రకం) చానెల్సే చూస్తుంటే, పెద్ద 4కే టీవీ పెట్టగానే బొమ్మ ఇంకా అధ్వానంగా కనిపిస్తది, ఎందుకంటే వచ్చే చిన్న బొమ్మనే టీవీ లాగి పెద్దది చేయాలి కదా, ముఖాలు పిండి రాసినట్టు అయితయి, కింద స్క్రోలింగ్ అక్షరాలు అలుక్కుపోతయి. అప్పుడు టీవీని తిట్టుకుంటం కానీ దాని తప్పేం లేదు. కేబుల్ అన్నని అడిగి హెచ్‌డీ బాక్స్ తీస్కోండి, ఈటీవీ, మా, జెమిని, జీ తెలుగు అన్నీ హెచ్‌డీలో వస్తయి.

మా ఇంట్లో జరిగింది చెప్తా. అమ్మవాళ్ళింట్లో ఆల్రెడీ హెచ్‌డీ బాక్సే ఉంది, నెలనెలా హెచ్‌డీ ప్యాక్‌కే డబ్బులు కడుతున్నరు, కానీ బాక్స్ వెనక చూస్తే టీవీకి పోతున్నది ఎరుపు, తెలుపు, పసుపు పిన్నుల వైరు! ఆ పసుపు వైరులో హెచ్‌డీ బొమ్మ రానే రాదు. ఎన్నేళ్ళుగా అట్లనే చూసిన్రో. కొత్త టీవీ కొనకముందే హెచ్‌డీఎంఐ వైరు (హెచ్‌డీ బొమ్మ, సౌండ్ రెండూ ఒకే వైరులో వచ్చేది) పెట్టి చూపిస్తే నాన్న దగ్గరికొచ్చి స్క్రీన్ ముట్టుకుని చూసిండు. మీ ఇంట్లో ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులు ఉన్నయా లేదా ఇప్పుడే లేచి చూడండి. కోఠి గుజరాతీ గల్లీలో హెచ్‌డీఎంఐ వైర్లు చవగ్గా దొరుకుతయి.

అట్లనే, పాత టీవీ ఫుల్ హెచ్‌డీది, ప్యానెల్ బాగుంది, కేవలం యాప్స్ రావట్లేదు అంటే టీవీ మార్చకండి, మూడు నుంచి అయిదు వేలలో ఒక స్ట్రీమింగ్ స్టిక్ పెట్టుకుంటే పని అయిపోతది. అమ్మవాళ్ళది పదకొండేళ్ళ టీవీ, ఒక మూల మొత్తం నల్లబడింది, అందుకే మార్చక తప్పలేదు.

రిజల్యూషన్ గురించి ఎక్కువ ఆలోచించొద్దు. 32 ఇంచుల్లో హెచ్‌డీ రెడీ అంటే 1366 ఇంటూ 768, బెడ్రూమ్‌కి చాలు, ఫుల్ హెచ్‌డీ అదే రేటు దగ్గర్లో దొరికితే అదే తీస్కోండి. 43, అంతకంటే పెద్దదైతే 4కే తీస్కోండి, అంటే 3840 ఇంటూ 2160, ఇప్పుడు రేటులో తేడా పెద్దగా లేదు. రేట్లు రోజూ మారుతయి కానీ మేం తిరిగినప్పుడు 32 ఇంచులవి పది పదిహేను వేల మధ్య, 43 ఇంచుల 4కే టీవీలు పద్దెనిమిది నుంచి ముప్పై దాకా ఉన్నయి. 22 సెప్టెంబర్ 2025 నుంచి 32 ఇంచుల కంటే పెద్ద టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, ట్యాక్స్ లేకుండా ఇరవై వేల టీవీ అనుకోండి, అప్పుడు 25,600 పడేది ఇప్పుడు 23,600 పడుతది. 32 ఇంచుల దాకా అయితే అంతకుముందు కూడా 18 శాతమే, అందుకే "జీఎస్టీ తగ్గింది కాబట్టి 32 కూడా తగ్గించినం అక్కా" అని ఎవరన్నా అంటే బిల్లు అడిగి చూడండి.

ఇక స్టిక్కర్ల మీద మాటలు. క్యూఎల్ఈడీ అంటే కొత్త రకం స్క్రీన్ అనుకుంటరు చాలామంది, అది కూడా వెనక లైటుండే ఎల్ఈడీ టీవీనే, మధ్యలో ఒక క్వాంటమ్ డాట్ పొర వేస్తరు, రంగులు నిండుగా వస్తయి, మంచిదే, కానీ తక్కువ బ్రైట్‌నెస్ ఉన్న క్యూఎల్ఈడీ కన్నా మంచి ప్యానెల్ ఉన్న మామూలు ఎల్ఈడీ నాకు నచ్చింది. పేరులో ఒక్క అక్షరమే తేడా కానీ ఓఎల్ఈడీ పూర్తిగా వేరు, దాంట్లో ప్రతి చుక్క దానంతటదే వెలుగుతది, మన బడ్జెట్‌లో రాదు. హెచ్‌డీఆర్ (వెలుగు నీడల తేడా బాగా చూపించేది) అని రాసుంటది, ఆ సిగ్నల్‌ని తీసుకుంటది అని మాత్రమే దానర్థం, దాని మజా తెలియాలంటే వెలుగు బాగా కావాలి, 250 నిట్స్‌తో తేడా కనపడదు. మోషన్ 120 లాంటివి చూసి ఆగిపోకండి, ఈ రేటులో దాదాపు అన్నీ 60 హెర్ట్జ్ ప్యానెల్సే, అంటే సెకనుకి 60 సార్లే బొమ్మ మారుస్తయి. వీటి కోసం ఒక్క వెయ్యి కూడా ఎక్కువ పెట్టకండి.

షాప్‌లో ఎట్ల చూడాలి? ఇది జాగ్రత్తగా చేయండి. షాపులో అన్ని టీవీలు ఫుల్ బ్రైట్‌నెస్ మీద, రంగులు పెంచేసిన డెమో వీడియోలతో పెడతరు, చిలకలు, పువ్వులు, సముద్రం, వాటిల్లో అన్ని టీవీలూ బ్రహ్మాండంగానే ఉంటయి. నేనేం చేసిన్నంటే ముందు రోజు రాత్రి అమ్మ పూజ గదిలో లైటు ఆపేసి ఒక్క దీపం వెలిగించి ఫోన్‌లో వీడియో తీసిన, తర్వాత పగలు అమ్మ ముఖం దగ్గర్నుంచి ఫొటో తీసిన, ఇంకా మొత్తం బూడిద రంగుతో ఒక ఉత్త ఫొటో, ఇవన్నీ పెన్ డ్రైవ్‌లో వేసుకుని పోయిన. సేల్స్ తమ్ముడు మంచోడు, యూఎస్‌బీ పెట్టనిచ్చిండు, పిక్చర్ మోడ్ కూడా వివిడ్ నుంచి స్టాండర్డ్‌కి మార్చిండు. మొదటి టీవీలో దీపం చుట్టూ చీకటి అంతా నీలం బూడిద కలిపినట్టుంది, కుంది అంచు ఎక్కడ మొదలైందో తెలియట్లే. రెండో దాంట్లో నలుపు చిక్కగా ఉంది, ఇత్తడి మెరుపు కూడా కనిపించింది, అబ్బ అనుకున్న, కానీ నాలుగడుగులు పక్కకి జరిగి వంటింటి గడప అనుకుని నిలబడి చూస్తే అమ్మ ఫొటోలో ముఖం పాలిపోయింది, కట్టుకున్న ఎర్ర చీర గులాబీ రంగైంది. మూడో దాంట్లో నలుపు మధ్యస్తం, పక్కకి జరిగినా చీర చీరలాగే ఉంది. అదే తీస్కున్నం. ఆ బూడిద ఫొటో ఎందుకంటే, దాని మీద మరకలు, మూలల్లో మబ్బుల్లాంటి మచ్చలు, నిలువు చారలు ఉంటే ఇట్టే తెలిసిపోతయి. క్రికెట్ చూసే ఇల్లయితే బాల్ వెంట కెమెరా తిరిగే వీడియో కూడా వేసుకోండి.

రిమోట్ చేతిలోకి తీస్కుని మెనూ తిప్పి చూడండి, యూట్యూబ్ ఓపెన్ అయ్యేదానికి ఎంత టైం పడుతుందో చూడండి. 1 జీబీ ర్యామ్ ఉన్నవి కొన్న కొత్తలోనే ఆగి ఆగి నడుస్తయి, 4కే టీవీకి 2 జీబీ కన్నా తక్కువ తీస్కోకండి, స్టోరేజ్ 8 జీబీ అయినా నడుస్తది కానీ 16 ఉంటే నయం. ఒక ముఖ్యమైన మాట, బాక్స్ మీద ఆండ్రాయిడ్ అని రాసినంత మాత్రాన గూగుల్ సర్టిఫై చేసింది కాదు. కొన్ని చవక టీవీల్లో ఫోన్‌కి పనికొచ్చే ఆండ్రాయిడ్‌నే టీవీలో వేసేస్తరు, ప్లే స్టోర్ సరిగ్గా ఉండదు, నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ రావు, వచ్చినా బొమ్మ మసకగా వస్తది. గూగుల్ టీవీ, ఫైర్ టీవీ, వెబ్ఓఎస్, టైజెన్, ఇట్లాంటి పేరున్న సిస్టమ్ ఉందో లేదో, మీరు వాడే యాప్ షాపులోనే ఓపెన్ అయితుందో లేదో చూడండి.

సౌండ్ గురించి ఒక్క ముక్క, సన్నటి టీవీల్లో స్పీకర్లు కిందికి చూస్తుంటయి, 20 వాట్స్ ఉంటే ఇంట్లో మాటలు వినపడతయి, అంతకన్నా ఆశించొద్దు. హెచ్‌డీఎంఐ పోర్టుల్లో ఒకదాని పక్కన ఏఆర్‌సీ అని ఉందో లేదో చూసుకుంటే రేపు సౌండ్‌బార్ కొన్నా ఒకే వైరుతో అయిపోతది. పోర్టులు మొత్తం మూడుంటే మంచిది.

ఇప్పుడు సర్వీస్, ఇక్కడ మాత్రం దయచేసి రాజీ పడకండి. 2021లో మేం ఒక ఫంక్షన్ హాల్లో పెట్టిన సేల్‌లో పేరు తెలియని బ్రాండ్ 43 ఇంచులది కొన్నం, అందరికంటే ఆరు వేలు తక్కువని. పద్నాలుగో నెలలో స్క్రీన్ మధ్యలో ఆకుపచ్చ గీత ఒకటి వచ్చింది, వారం తిరిగేసరికి నాలుగైనయి. వారంటీ ఏడాదే. కార్డు మీద నెంబర్‌కి ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. చివరికి కోఠిలో రిపేర్ చేసే పెద్దాయన దగ్గరికి ఆటోలో పెట్టుకుని తీస్కపోతే, వెనక మూత విప్పి చూసి, "అమ్మా, ఈ ప్యానెల్ దొరకదు, దొరికినా కొత్త టీవీ అంత అయితది" అన్నడు. ఆ రోజు ఆటోలో దాన్ని ఒళ్ళో పట్టుకుని తిరిగొస్తుంటే చాలా బాధేసింది, అది చీటీ ఎత్తి కొన్న టీవీ. ప్యానెల్ పోతే టీవీ పోయినట్టే అన్నది అందరూ గుర్తుపెట్టుకోవాలి. అందుకే కొనే ముందు ఆ కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి, మా పిన్‌కోడ్‌కి టెక్నీషియన్ వస్తడా, సర్వీస్ సెంటర్ ఎక్కడుంది అని అడగండి, వాళ్ళు ఎత్తే తీరు చూస్తేనే సగం తెలిసిపోతది. ప్యానెల్ మీద రెండేళ్ళో మూడేళ్ళో వారంటీ ఇచ్చే మోడల్ వెయ్యి, రెండు వేలు ఎక్కువైనా అదే తీస్కోండి. ఎక్స్‌టెండెడ్ వారంటీ షాపు వాళ్ళదా కంపెనీదా అని కాయితం మీద చదవండి, కంపెనీదైతేనే నేను డబ్బులు పెడతా.

రేటు దగ్గరికొస్తే, ఎంఆర్‌పీ మీద 55 శాతం తగ్గింపు అన్నదాన్ని పట్టించుకోవద్దు, ఆ ఎంఆర్‌పీకి ఎవ్వరూ అమ్మరు. పూర్తి మోడల్ నెంబర్ రాసుకోండి, చివరి అక్షరాలతో సహా, ఒకే పేరుతో వేరే ప్యానెల్ ఉన్న మోడల్స్ ఉంటయి. ఆ నెంబర్‌తో ఆన్‌లైన్ రేటు చూసి ఫోన్‌లో పెట్టుకుని కూకట్‌పల్లో దిల్‌సుఖ్‌నగరో ఏఎస్ రావు నగరో మీకు దగ్గర్లోని రెండు మూడు షోరూమ్‌లు తిరగండి. మాకు రెండో షాపులో ఆన్‌లైన్ రేటే ఇచ్చి గోడ బ్రాకెట్ ఫ్రీగా వేసిన్రు. దసరా, దీపావళి, సంక్రాంతి, జనవరి 26, ఆగస్టు 15, ఈ టైముల్లో ఆఫర్లుంటయి, తొందర లేకుంటే ఆగండి. నో కాస్ట్ ఈఎంఐ అన్నా పూర్తిగా ఫ్రీ కాదు, ప్రాసెసింగ్ ఫీజు ఉంటది, క్రెడిట్ కార్డ్ మీదైతే వడ్డీ భాగానికి 18 శాతం జీఎస్టీ కూడా పడుతది, పాతిక వేల టీవీకి ఆరు నెలలకి నాలుగైదు వందలు అట్ల పోతయి. కట్టగలిగితే ఒకేసారి కట్టి డిస్కౌంట్ అడగండి, కొన్నిచోట్ల ఇస్తరు.

కరెంట్ బిల్లు భయం వద్దు, 43 ఇంచులది 80 నుంచి 100 వాట్స్ దాకా తీసుకుంటది, రోజుకి అయిదు గంటలు చూస్తే నెలకి పన్నెండు నుంచి పదిహేను యూనిట్లు. బీఈఈ స్టార్ లేబుల్ (కరెంట్ ఎంత ఆదా చేస్తదో స్టార్లతో చూపించే ప్రభుత్వ లేబుల్) ఉంటే దాని మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసుంటది, రెండు మోడల్స్ పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

డెలివరీ రోజు బాక్స్ మీరు విప్పకండి, కంపెనీ టెక్నీషియన్ వచ్చినాకనే విప్పించండి, లేకపోతే స్క్రీన్ పగిలుంటే మీరే పగలగొట్టిన్రంటరు. విప్పేటప్పుడు ఫోన్‌లో వీడియో తీయండి, బాక్స్ మీద సీరియల్ నెంబర్, టీవీ వెనక నెంబర్, బిల్లు మీద నెంబర్ మూడూ ఒకటేనా చూడండి, తయారైన నెల కూడా బాక్స్ మీద ఉంటది, మరీ పాతదైతే వద్దనండి. టెక్నీషియన్ ఉన్నప్పుడే ఆ బూడిద ఫొటో పెట్టి చూపించండి. ఏదన్నా తేడా వచ్చి షాపు వాళ్ళు తిప్పుతుంటే 1915కి చేయండి, అది నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, కంప్లైంట్ రాసుకుంటరు.

గోడకి పెట్టేటప్పుడు చాలామంది ఎత్తున పెట్టిస్తరు, వద్దు, సోఫాలో కూర్చుంటే మీ కళ్ళ ఎత్తుకి స్క్రీన్ మధ్యభాగం రావాలి, అంటే నేల నుంచి మూడున్నర అడుగుల దగ్గర్లో. వెనక గోడ వానకి చెమ్మ పట్టేదైతే టేబుల్ మీద పెట్టుకోండి. మే నెలలో గాలివాన వచ్చి ఉరుములు మొదలైతే రిమోట్‌తో ఆపడం కాదు, ప్లగ్ పీకాలి, దాంతోపాటు కేబుల్ వైరు, నెట్ వైరు కూడా పీకాలి, పిడుగు దెబ్బ వాటిగుండా కూడా వస్తది.

అన్నీ అయినాక పిక్చర్ మోడ్ సినిమా లేదా స్టాండర్డ్‌కి మార్చి, బ్యాక్‌లైట్ మీ గది వెలుతురుకి తగ్గట్టు పెట్టుకోండి. మొదటి రెండు రోజులు కొంచెం పసుపుగా ఉన్నట్టు అనిపిస్తది, తర్వాత కళ్ళకి అలవాటైతది. అమ్మకి మాత్రం నేను మోడ్ మార్చినాక గడప దగ్గరికి పోయి పీట మీద కూర్చోబెట్టి అడిగిన, కింద అక్షరాలు చదువు అని, ఒక్కొక్కటే చదివింది. బాక్స్, థర్మాకోల్ మాత్రం రిటర్న్ టైం అయిపోయేదాకా అటక మీదే పెట్టుకోండి, మార్చాల్సి వస్తే ముందు అవే అడుగుతరు.